హొగెనక్కల్ నీళ్లు, టోక్యో అప్పు, ఊరి కుళాయి



ధర్మపురి అనగానే తెలుగువాళ్లలో చాలామందికి గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం గుర్తొస్తుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది తమిళనాడులోని ధర్మపురి గురించి. సేలానికి ఉత్తరాన, బెంగళూరుకు దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతం అది. 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి విడివడి జిల్లా అయింది. 2004లో దానిలోంచి కృష్ణగిరి జిల్లా వేరుపడింది. హోసూరు, బేరికె, తళి, వేపనపల్లి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. చిత్తూరు నుంచో, అనంతపురం నుంచో వెళ్లినవాళ్లకు అది పరాయి నేల అనిపించదు. అవే రాగి చేలు, అవే చింతచెట్లు, అవే మామిడి తోటలు. నీటి కష్టం కూడా అదే.

జిల్లా పడమటి అంచున కావేరి ఉంది. పెన్నాగరం దాటి కొండ దిగితే హొగెనక్కల్ జలపాతం. పుట్టి ఎక్కి జలపాతం కిందికి వెళ్లొచ్చిన యాత్రికులు లక్షల్లో ఉంటారు. అంత నీరు కళ్లముందు పారుతున్నా, కొండమీది పల్లెలు ఎన్నో ఏళ్లు బోరు నీళ్లతోనే గొంతు తడుపుకున్నాయి. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది.

ఈ ఫ్లోరైడ్ సంగతి మన దేశంలో మొదట తేలింది మన తెలుగు నేలమీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి తాగునీళ్లే కారణమని వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బు మీద వచ్చిన తొలి వివరమైన నివేదిక అదే. పొదిలి, దర్శి, కనిగిరి ఊళ్ల పేర్లు, ఆ తరువాత నల్లగొండ పేరు, ఈ జబ్బుతో ముడిపడిపోయాయి. ధర్మపురిది కూడా ఆ తీరు నేలే. అడుగున గట్టి రాయి. బోరు ఎంత లోతుకు దిగితే, నీరు అంత ఎక్కువ కాలం రాతి పగుళ్లలో నిలిచి, రాయిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుని వస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. ఈ జిల్లాలో ఆ ఒకటిన్నర కూడా దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి.

గట్టిపళ్లు చిగుళ్ల లోపల ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు పడతాయి. అవి పోవు. అవే నీళ్లు పదేళ్లు, ఇరవై ఏళ్లు తాగితే మోకాళ్లు వంగవు, మెడ తిరగదు, నడుము నిలవదు. ఒకసారి వచ్చాక దీనికి మందు లేదు. చాలా ఇళ్లలో నీళ్లు కాచి తాగితే దోషం పోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది కూడా. రేడియో ముందున్న అమ్మలు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ ప్రసంగానికి కొంత ఫలం దక్కినట్టే.

ఫ్లోరైడ్ తీసేయడానికి మార్గాలు లేకపోలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లను శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టారు. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. చవకైనదే. అయితే రోజూ కొలత తప్పకుండా పటిక వేయాలి, అడుగున దిగిన మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. ఆ పనికి మనిషి ఉన్నంతకాలం సాగింది, మనిషి మానేసిన చోట ఆగింది. అందుకే నదినుంచే నీళ్లు తేవాలన్న ఆలోచన బలపడింది. నదీజలంలో ఫ్లోరైడ్ చాలా తక్కువ.

హొగెనక్కల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం అలా రూపుదిద్దుకుంది. మూడు పురపాలక పట్టణాలకు, అంటే ధర్మపురి, కృష్ణగిరి, హోసూరులకు, పదిహేనుకు పైగా పట్టణ పంచాయతీలకు, ఆరున్నర వేలకు పైగా పల్లెలకు, మొత్తం దాదాపు 30 లక్షల మందికి నీళ్లు. రోజుకు సుమారు 12.8 కోట్ల లీటర్లు. తొలి అంచనా 1,334 కోట్ల రూపాయలు. అంత డబ్బు రాష్ట్ర ఖజానాలో లేదు. 2008 మార్చిలో జపాన్ అంతర్జాతీయ సహకార బ్యాంకు 2,238 కోట్ల యెన్ల రుణానికి సంతకం పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో ఆ బ్యాంకు అభివృద్ధి రుణాల విభాగం జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకాలో కలిసిపోయింది. అందుకే ఇప్పుడు ధర్మపురిలో ఎవరిని అడిగినా 'జైకా డబ్బు' అంటారు.

శంకుస్థాపన 2008 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కరుణానిధి చేశారు. కావేరి నీటిని పంచుకునే కర్ణాటకలో వెంటనే నిరసనలు లేచాయి. ఆ రాష్ట్రంలో ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. సరిహద్దుకు అటూ ఇటూ బస్సులు ఆగాయి, సినిమా హాళ్లు మూతపడ్డాయి, ఏప్రిల్ మొదటి వారంలో చెన్నైలో తమిళ సినీ పరిశ్రమ నిరాహారదీక్షకు కూర్చుంది. కర్ణాటకలో కొత్త ప్రభుత్వం వచ్చేదాకా ఆగుదామని కరుణానిధి ప్రకటించాక వేడి తగ్గింది. ఆ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. బెంగళూరు నగరానికి కావేరి నీళ్లు తెచ్చే నాలుగో దశ పథకానికి అప్పిచ్చింది కూడా ఆ జపాన్ బ్యాంకే. 2024 అక్టోబరులో మొదలైన అయిదో దశకూ జైకా అప్పే. నదికి రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు రాళ్లు రువ్వుకుంటున్నప్పుడు, ఇద్దరి పథకాలకూ అప్పు ఒకే చోటినుంచి వస్తోంది. బ్యాంకును తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. 1998లోనే కేంద్ర జలవనరుల శాఖ సమక్షంలో ఈ రెండు పథకాలకూ పరస్పర అంగీకారం కుదిరిందని తమిళనాడు మొదటినుంచీ వాదిస్తూ వచ్చింది. రెండు వైపుల దాహమూ నిజమే, రెండు అప్పులూ సక్రమమే. తీర్చాల్సింది మాత్రం ఎవరికి వారే.

పథకం 2013 మే నెలలో ముఖ్యమంత్రి జయలలిత చేతులమీదుగా ప్రారంభమైంది. అప్పటికి ఖర్చు 1,928 కోట్ల రూపాయలకు చేరింది.

ఇంత డబ్బు ఎలా చేతులు మారుతుంది, పైపులు వేసే కంపెనీలు ఈ పనుల్లోకి ఎలా వస్తాయి అన్నది మామూలు మనిషికి తెలియకుండానే జరిగిపోతుంది. కొంచెం ఓపికగా వినండి, ఇది మీ కుళాయి వెనక ఉన్న కథే.

ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జైకా, జర్మనీ కేఎఫ్‌డబ్ల్యూ, ఇవేవీ కాంట్రాక్టరును తామే పెట్టుకోవు. అప్పు తీసుకునేది ప్రభుత్వం. టెండరు పిలిచేది ప్రభుత్వ సంస్థ. హొగెనక్కల్ విషయంలో అది తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి బోర్డు. బ్యాంకు చేసేదల్లా తన నియమాల ప్రకారం టెండరు పత్రం ఉందో లేదో చూసి, ప్రతి మెట్టులోనూ అభ్యంతరం లేదని రాసివ్వడం. ఆ అనుమతి లేకపోతే డబ్బు కదలదు. కాబట్టి కంపెనీ ఇద్దరినీ మెప్పించాలి. ఒప్పందం బోర్డుతో, నియమావళి బ్యాంకుది.

ఏ దేశంలో ఏ పథకం రాబోతోందో ముందుగా తెలుసుకోవడం దగ్గర కంపెనీల వేట మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి 1978 నుంచి 'డెవలప్‌మెంట్ బిజినెస్' అనే ప్రచురణ నడుపుతోంది. అభివృద్ధి బ్యాంకుల డబ్బుతో జరగబోయే పనుల ప్రకటనలు అందులో వస్తాయి. పెద్ద కంపెనీలలో వీటిని రోజూ చదివేందుకే మనుషులుంటారు. అప్పు మంజూరు కావడానికి రెండు మూడేళ్ల ముందే పథకం రూపురేఖలు బ్యాంకు పత్రాల్లో బయటికొస్తాయి. అప్పటికే సర్వే చేసిన సలహా సంస్థ ఎవరు, ఎంత వ్యాసం పైపు అనుకుంటున్నారు, శుద్ధి కేంద్రం ఏ పద్ధతిలో కట్టబోతున్నారు అన్నవి కంపెనీల చేతిలో ఉంటాయి. మన ఊళ్లో ట్యాంకు ఎక్కడ కట్టాలో పంచాయతీలో చర్చ మొదలయ్యే నాటికి, ఆ ట్యాంకు లెక్క ఎక్కడో దూరాన ఒక కంపెనీ ఆఫీసులో పూర్తయి ఉంటుంది.

తరువాత అర్హత పరీక్ష. గత ఏళ్లలో ఎంత టర్నోవరు, ఇలాంటి పని ఇంతకుముందు ఎక్కడ పూర్తి చేశారు, బ్యాంకు గ్యారంటీ తేగలరా, ఇంజినీర్లు ఎందరు. ఈ గడి చిన్న కంపెనీ ఒంటరిగా దాటలేదు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి జాయింట్ వెంచర్ కడతారు. ఒకరి అనుభవం, ఒకరి డబ్బు, ఒకరి స్థానిక పరిచయం. ప్రపంచ బ్యాంకు అంతర్జాతీయ టెండర్లలో పేద దేశాల సొంత కాంట్రాక్టర్లకు సివిల్ పనుల్లో ఏడున్నర శాతం దాకా ధరలో వెసులుబాటు ఇచ్చే నియమం ఉంది. మోసం, లంచం రుజువైన కంపెనీని నల్లజాబితాలో పెట్టి పేరు బయటపెడతారు. 2010 ఏప్రిల్ నుంచి అయిదు పెద్ద బ్యాంకులు ఒకరి నల్లజాబితాను మరొకరు గౌరవించాలని ఒప్పందం చేసుకున్నాయి. ఈ కట్టుబాట్లు చాలావరకు మంచివేనని నా అభిప్రాయం. మన రాష్ట్రాల్లో నామినేషన్ మీద పనులు పంచిపెట్టిన కాలాన్ని చూసినవాళ్లెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు.

ఈ మెట్లెక్కి పైకొచ్చిన కంపెనీల్లో తెలుగువాళ్లవి తక్కువేం కాదు. కృష్ణా, గోదావరి కాలువ పనుల్లో, ఎత్తిపోతల్లో చెయ్యి తిరిగిన హైదరాబాద్ సంస్థలు దేశమంతా నీటి పనులకు వెళ్లాయి, సముద్రం కూడా దాటాయి. టాంజానియాలో విక్టోరియా సరస్సు నీటిని టబోరా వైపు తీసుకెళ్లిన పెద్ద పథకంలో మేఘా ఇంజినీరింగ్ పని చేసింది. ఆ పథకానికి అప్పిచ్చింది మన భారత ఎగ్జిమ్ బ్యాంకు. ఆ రకం అప్పుల్లో కనీసం 75 శాతం సరుకు, సేవలు మన దేశం నుంచే కొనాలన్న షరతు మామూలుగా ఉంటుంది. అంటే ఒకరికి అప్పిచ్చినప్పుడు మన ప్రభుత్వం కూడా మన కంపెనీలకు పని చూపిస్తోంది. జపాన్‌కు కూడా 2002 నుంచి తమ దేశ సంస్థలకే పని దక్కేలా ముడిపెట్టిన ఒక రకం అప్పు ఉంది. అప్పిచ్చే దేశం తన కంపెనీని వెంటబెట్టుకుని రావడం లోకమంతటా ఉన్న ఆచారమే. అప్పు తీసుకునేవాళ్లు ఆ సంగతి తెలిసి సంతకం పెట్టాలి.

కంపెనీలకూ నిలకడ ఉండదు. చెన్నై ఉత్తరాన మీంజూరు దగ్గర సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారాన్ని హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్‌కు చెందిన బెఫేసా కలిసి కట్టాయి. రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యం. 2010లో మొదలైంది. పాతికేళ్లపాటు నీళ్లు అమ్మాలని ఒప్పందం. అంత పెద్ద పని చేసిన ఐవీఆర్‌సీఎల్ అప్పుల్లో కూరుకుపోయింది. 2019లో ఆ కంపెనీని దివాలా చట్టం కింద అమ్మకానికి పెట్టాలన్న ఉత్తర్వు వెలువడింది. నీటి ఒప్పందం ఆయుష్షు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు. కంపెనీ ఆయుష్షు ఎంతో ఎవరు చెప్పగలరు? మోటారు కాలిపోయిన రోజు ఆ సంతకం చేసినవాళ్లు ఎక్కడుంటారు అని టెండరు దగ్గరే ఆలోచించుకోవాలి.

ధర్మపురికి ఎంతో దూరం లేని తిరుప్పూరు అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. బనియన్ల ఊరు. అద్దకం కార్ఖానాలకు నీళ్లు చాలక, కావేరి ఉపనది భవానీ వైపు నుంచి రోజుకు 18.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టారు. 2006 ప్రాంతంలో నీళ్లు వచ్చాయి. దేశంలో ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసిన తొలి పెద్ద నీటి పథకమని గొప్పగా చెప్పుకున్నారు. మహీంద్రా, అమెరికా బెక్టెల్, ఇంగ్లండు నీటి సంస్థ ఒకటి అందులో ఉన్నాయి. పెట్టుబడి లెక్కంతా కార్ఖానాలు ఎక్కువ ధరకు నీళ్లు కొంటాయన్న ఆశమీద నిలబడింది. అద్దకం మురుగు నొయ్యల్ నదిని నాశనం చేసింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లు మూసేయమంది. కొనేవాళ్లు తగ్గారు, కంపెనీ అప్పు తీర్చలేకపోయింది. ఎవరి అంచనా తప్పినా నష్టం చివరికి జనం నెత్తిమీదకే వస్తుంది. ఆ అంచనాలు రాసిన కాగితాల్ని జనం ముందుగా చూడగలిగి ఉండాల్సింది.

చూస్తే ఏమవుతుందో ఢిల్లీలో తెలిసింది. ఆ కథ వివరంగా చెబుతాను.

ఢిల్లీ జల బోర్డు ప్రపంచ బ్యాంకు అప్పుతో నగర నీటి సరఫరాను మార్చాలనుకుంది. ముందు ఒక సలహా సంస్థ కావాలి. దరఖాస్తులు వచ్చాయి, బోర్డు వాటిని తూచింది. ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అనే సంస్థకు మొదటి జాబితాలో చోటు దక్కలేదు. బ్యాంకు జోక్యం చేసుకున్నాక జాబితా మారింది. తరువాతి మెట్లలోనూ మార్కులు మళ్లీ వేయడం, టెండరు మళ్లీ పిలవడం జరిగాయి. చివరికి కాంట్రాక్టు ఆ సంస్థకే దక్కింది. తన నియమాల ప్రకారమే నడుచుకున్నానని బ్యాంకు చెప్పుకుంది. ఈ వివరాలన్నీ బయటికొచ్చింది 2005లో, ఢిల్లీ సమాచార హక్కు చట్టం కింద. పరివర్తన్ అనే చిన్న సంస్థ దరఖాస్తు పెట్టి వేల పేజీల పత్రాలు రాబట్టింది. దాన్ని నడిపినవాళ్లలో అరవింద్ కేజ్రీవాల్ ఒకరు. అప్పటికి ఆయన రాజకీయాల్లో లేరు. కాలనీ సంఘాలు ఆ పత్రాలు చదివాయి. నీళ్ల రేటు ఎంత పెరుగుతుందో, నగరంలో ఒక్కో మండలాన్ని ఏ కంపెనీ చేతిలో పెట్టబోతున్నారో లెక్కలు వేసుకున్నాయి. ఆ ఏడాది చివరికి ఢిల్లీ ప్రభుత్వం అప్పు దరఖాస్తునే వెనక్కి తీసుకుంది.

2000 సంవత్సరంలో బొలీవియాలోని కోచబాంబాలో జనం వీధుల్లోకి వచ్చి ప్రాణాలు పోగొట్టుకుని మరీ ఒక నీటి కంపెనీని వెళ్లగొట్టాల్సి వచ్చింది. ఢిల్లీలో కాగితాలు చాలాయి. కాగితం ముందుగా చేతికి అందడంలో ఉన్న విలువ అంతటిది.

నేను అప్పులకు వ్యతిరేకిని కాను. ధర్మపురి విషయంలో జైకా డబ్బు రాకపోతే ఆ పల్లెలు ఇంకో ఇరవై ఏళ్లు అవే బోర్లు తాగుతూ ఉండేవి. ఒక శాతం పైచిలుకు వడ్డీ, పదేళ్ల విరామంతో ముప్పై ఏళ్ల గడువు, ఆ రోజుల్లో మన దేశానికి వచ్చిన జపాన్ రుణాల తీరు అది. ఇక్కడి బ్యాంకుల్లో అలాంటి అప్పు పుట్టదు. కాకపోతే అది యెన్లలో తీసుకున్న అప్పు, యెన్లలోనే తీర్చాలి. 2008లో సంతకం పెట్టిననాడు వంద యెన్లంటే దాదాపు 40 రూపాయలు. 2012లో అది 65 రూపాయలు దాటింది. 2024కు వచ్చేసరికి 55 దగ్గర ఉంది. పనులు జరిగే ఏళ్లలో యెన్ పెరిగితే చేతికి ఎక్కువ రూపాయలు వస్తాయి, తీర్చే ఏళ్లలో పెరిగితే అంతకంతా పోతాయి. 2005 తరువాత ఇలాంటి విదేశీ రుణాలను కేంద్రం అవే షరతులతో రాష్ట్రాలకు బదలాయిస్తోంది. మారకం రేటు భారం రాష్ట్రానిదే. ఇప్పుడు ధర్మపురి బడిలో చదువుతున్న పిల్లలు ఉద్యోగాల్లో చేరి పన్నులు కట్టేనాటికి కూడా ఈ వాయిదాలు నడుస్తూ ఉంటాయి. ఆ పిల్లలకు మంచి నీళ్లు దక్కితేనే ఆ అప్పుకు అర్థం.

దక్కుతున్నాయా? ఇక్కడే నా ఫిర్యాదు మొదలవుతుంది.

కంపెనీలు పోటీపడి తెచ్చుకునే పనిలో ఏముంటుంది? నదిలో బావి, శుద్ధి కేంద్రం, మోటార్లు, వందల కిలోమీటర్ల పైపులైన్లు, ట్యాంకులు. కొలవడానికి వీలైనవి, మీటరుకింత అని బిల్లు పెట్టడానికి వీలైనవి. పథకం పేరులో ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది. నివారణ జరిగేది ఊరి ట్యాంకు దగ్గర, వంటింటి బిందె దగ్గర. అక్కడ పోటీపడే కంపెనీ ఏదీ లేదు.

ఎండాకాలం వచ్చిందనుకోండి. కరెంటు కోత, లేదా ఎక్కడో పైపు పగిలింది. ఊరికి రావాల్సిన నది నీళ్లు సగమే వచ్చాయి. కుళాయిలు ఎండిపోతే జనం ఊరుకోరు. అందుకని పాత బోరు మోటారు వేసి అదే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి కలుపుతారు. నది నీళ్లలో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము, బోరు నీళ్లలో మూడు అనుకుందాం. సగం సగం కలిపితే లీటరుకు ఒకటీ ముప్పావు. హద్దు దాటిపోయింది. నీళ్లు తేటగా ఉంటాయి, రుచి బాగుంటుంది, కుళాయి మీద హొగెనక్కల్ పేరుంటుంది. వెయ్యి తొమ్మిది వందల కోట్లు పోసి తెచ్చిన నీళ్లు ఆఖరి ముప్పై అడుగుల దగ్గర మళ్లీ పాత నీళ్లయిపోయాయి. ఈ కలపడం కంపెనీ తప్పు కాదు, బ్యాంకు తప్పు కాదు. నెలకు కొద్దిపాటి జీతం మీద, మూడు వీధుల తిట్లు పడుతూ వాల్వు తిప్పే ట్యాంకు ఆపరేటరు తప్పు అసలే కాదు. ఊరికి నది నీళ్లు ఎన్ని వచ్చాయో రోజూ రాసిపెట్టే పని, ట్యాంకులో ఫ్లోరైడ్ చూసే పని, బోరు నీళ్లను విడి కుళాయికి మళ్లించే పని ఒప్పందంలో ఎవరి మీదా గట్టిగా పెట్టకపోవడమే తప్పు. వాడుక నీళ్లకు ఒక కుళాయి, తాగే నీళ్లకు ఒక కుళాయి అని ఊరంతా విడదీసుకుంటే దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు.

రెండోది కరెంటు. హొగెనక్కల్ దగ్గర కావేరి సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల ఎత్తున ఉంటుంది. హోసూరు 900 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అంటే 600 మీటర్లకు పైగా నీటిని కొండ ఎక్కించాలి. వెయ్యి లీటర్లను అంత ఎత్తు ఎక్కించాలంటే, మోటారులో, పైపులో పోయే నష్టం కూడా కలుపుకుని, రెండు యూనిట్లకు పైగా కరెంటు కావాలి. పైపు వేసేటప్పుడు అయ్యే ఖర్చుకు అప్పు దొరుకుతుంది. మోటారు తిరిగినంతకాలం అయ్యే ఈ ఖర్చుకు అప్పు దొరకదు. దాన్ని బోర్డు, పంచాయతీలు భరించాలి. పంచాయతీల బకాయిలు పేరుకుంటే తగ్గేది నీళ్లే. నీళ్లు తగ్గితే ఇందాక చెప్పిన బోరు మోటారు మొదలవుతుంది.

అందుకే టెండర్లో అతి తక్కువ ధర చూసి సంతోషపడే పద్ధతి నాకు నచ్చదు. చవక మోటారు ఇరవై ఏళ్లు ఎక్కువ కరెంటు తాగుతుంది. ప్రపంచ బ్యాంకు 2016 జులై నుంచి అమలుచేసిన కొత్త కొనుగోలు విధానంలో వస్తువు జీవితకాలం మొత్తానికి అయ్యే ఖర్చును, నాణ్యతను కూడా తూచడానికి చోటు పెట్టింది. అది సరైన దారి. మన బోర్డులు ఆ చోటును నిజంగా వాడుకోవాలి. నిర్మాణంతోపాటు పదేళ్ల నిర్వహణను కూడా అదే కంపెనీ మీద పెట్టి, ప్రతి ఊరి చివరి కుళాయి దగ్గర తీసిన నీటి నాణ్యతను బట్టి బిల్లు చెల్లించాలి. పైపు మీటర్ల లెక్కన డబ్బు ఇస్తే కంపెనీలు మీటర్లు చూపిస్తాయి. ఫ్లోరైడ్ లేని నీటి లెక్కన ఇస్తే అవే కంపెనీలు, అవే ఇంజినీర్లు ఆ నీళ్లు చూపించగలరు. ఆ సత్తా వాళ్లకు ఉంది. సముద్రపు ఉప్పు తీయగలిగినవాళ్లకు పెన్నాగరం పల్లెలో ఒక మిల్లీగ్రాము లెక్క కష్టమేమీ కాదు.

ఈ మాటలన్నీ ఇప్పుడే ఎందుకంటే, ఆ జిల్లాల్లో ఇంకో పెద్ద విడత రాబోతోంది. మొదటి పథకం వేసినప్పుడు పల్లెలో మనిషికి రోజుకు 40 లీటర్లు అని లెక్క కట్టారు. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ దాన్ని 55 లీటర్లు చేసి, ప్రతి ఇంటికీ కుళాయి అంది. హోసూరు చుట్టూ కార్ఖానాలు, జనం విపరీతంగా పెరిగారు. ఉన్న నీళ్లు చాలవు. హొగెనక్కల్ విస్తరణకు తమిళనాడు మళ్లీ జైకా వైపే చూసింది. ఈసారి మాట వేల కోట్లలో ఉంది, మొదటిదాని కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. కంపెనీలు ఇప్పటికే లెక్కలు వేసుకుంటూ ఉంటాయి. అది వాళ్ల వృత్తి. మన లెక్క మనం వేసుకోవాలి కదా.

మన వైపూ కొన్ని వసతులున్నాయి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పి, చేతిలో పెట్టుకునే పరీక్ష పెట్టె ఇవ్వాలన్న నియమం ఉంది. అందులో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంటుంది. జిల్లా కేంద్రంలో నీటి బోర్డు ప్రయోగశాల ఉంది. సమాచార హక్కు చట్టం దేశమంతటికీ వచ్చి చాలా ఏళ్లయింది. ఢిల్లీలో వాడిన ఆయుధం అలాంటిదే, పల్లెకూ పనికొస్తుంది. తమిళనాడులో 2022 నుంచి ఏడాదికి నాలుగు బదులు ఆరు గ్రామసభలు జరుగుతున్నాయి. కొత్తగా కలిపిన రెండింటిలో ఒకటి మార్చి 22, ప్రపంచ జల దినం.

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వైపున్న తెలుగు శ్రోతలకు నా మనవి ఇది. వచ్చే మార్చి 22 గ్రామసభకు మీ ఇంటి కుళాయి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని వెళ్లండి. అందరి ముందూ ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఎంత వచ్చిందో తీర్మానాల పుస్తకంలో రాయించండి. రాబోయే విస్తరణ పథకం ఒప్పందం నకలు, ముఖ్యంగా నిర్వహణ భాగం, పంచాయతీకి తమిళంలో ఇవ్వాలని తీర్మానం చేయించండి. అనంతపురం, ప్రకాశం, నల్లగొండ శ్రోతలూ, మీ ఊళ్లో తేదీ వేరు కావచ్చు, సీసా మాత్రం పట్టుకెళ్లండి. ఆ నీళ్లలో ఏముందో మీ పంచాయతీ పుస్తకంలో మీరే దగ్గరుండి రాయించండి.